ఐదు కుప్పలు, అరవై కవర్లు

సోమేశ్వరరావు సారు మా ఫారానికి వచ్చిన మొదటి రోజు తలమీద టోపీ, మెడలో దుర్భిణి, మోకాళ్ల దాకా బూట్లు వేసుకొని వచ్చాడు. బూట్లు పాముల కోసమట. మా ఫారంలో పాములు లేవని కాదు. కారు దిగిన చోటు నుంచి ముప్పై అడుగులు దాటి లోపలికి వస్తే కదా, పాముకు ఆయనను చూసే భాగ్యం.

మాది పాత పశువుల ఫారం. గచ్చిబౌలి అద్దాల భవనాలకు వెనకవైపు నూటయాభై ఎకరాల తుమ్మలు, రాళ్లు, గడ్డి. పశువులను ఎప్పుడో ఎత్తేశారు. ఆ తరువాత చుట్టూ గోడ కట్టారు. గోడ కట్టిన రోజున లోపల మేస్తున్న కృష్ణజింకలు లోపలే ఉండిపోయాయి. ఇరవై ఏళ్లుగా వాటి లోకం అంతే. నా భర్త రాజయ్య అక్కడ కాపలాదారు. ఆయన పోయాక ఆ పని రోజుకూలీ మీద నాకిచ్చారు. తొట్లలో నీళ్లు నింపడం, గోడ వెంట తిరగడం, కుక్కలు దూరే సందులు పూడ్చడం. 2011 వానాకాలం నాటికి లోపల నలభై మూడు జింకలున్నాయి. ఆ సంఖ్య చెప్పడానికి నాకు దుర్భిణి అక్కరలేదు. మొహాలు తెలుసు.

గోడ అవతలి కంపెనీకి రెండో భవనం కట్టుకోవాలని కోరిక పుట్టింది. భూమి ఇవ్వడానికి ప్రభుత్వం సిద్ధం. జింకలే అడ్డం. వాటి సంగతి తేలనిదే అడవి శాఖ సంతకం పెట్టదు. అందుకని కంపెనీయే ఖర్చు పెట్టుకొని సోమేశ్వరరావు సారును తెచ్చింది. గోడల మధ్య చిక్కిన మందలో ఒక జింక నెత్తురుకూ ఇంకో జింక నెత్తురుకూ ఎంత తేడా మిగిలిందో ఆయన తేల్చాలి. తేడా తగినంత ఉంటే మందను ఉన్నచోటే ఉంచాలి. అన్నీ ఒకే నెత్తురైపోతే ఆ మంద ఎలాగూ నిలవదు కాబట్టి, పట్టి వికారాబాద్ వైపు అడవిలో వదలవచ్చు.

పట్టడమంటే ఏమిటో సారుకు తెలియదు. నాకు తెలుసు. మూడేళ్ల కిందట గోడ పక్క నుంచి రోడ్డు వేసేటప్పుడు పదకొండు జింకలను వలలు వేసి పట్టారు. తెల్లారేసరికి ఏడు చచ్చిపోయాయి. ఒంటి మీద గీత లేదు. బెదురుకే గుండెలు ఆగిపోయాయి. ఆ ఏడింటినీ గుంత తీసి పూడ్చింది నేనే.

సారు పరీక్షకు నెత్తురు అక్కరలేదు, పెంటికలు చాలు. పచ్చి పెంటిక మీద అంటుకొని ఉండే సన్నని పొరలో ఆ జింక ఒంటి గుర్తు ఉంటుందట. దాన్ని లాబులో చూస్తే ఏది ఎవరి బిడ్డో కూడా చెప్పవచ్చునట. ఈ మాట విన్నప్పుడు నాకు సంతోషమే కలిగింది. ఇంత చదువు ఉన్నవాడికి ఇంత చిన్న సంగతి తెలియకుండా ఉంటుందా అనుకున్నాను.

తెలియదు.

ఫారంలో ఐదు పెద్ద పెంటికల కుప్పలున్నాయి. అన్నీ బండ్ల బాట పక్కనే. సారు మొదటి కుప్పను చూసి గుప్తనిధి దొరికినట్టు మొహం పెట్టాడు.

“ఇక్కడ బోలెడు ఉంది కదండీ! రోజూ పొద్దున్నే ఈ ఐదు చోట్ల నుంచీ తాజావి తీసి కవర్లలో వెయ్యమ్మా. అరవై కవర్లు అయితే చాలు. ప్రతి కవరు మీదా నంబరు, తేదీ, చోటు రాయాలి. రాయడం వచ్చా?”

“వచ్చు సార్. గని గా కుప్ప ఒక్క పోతుది.”

“అంటే?”

“పెద్ద పోతు ఉంటది గద, ఈ జాగ నాది అని చెప్పనీకె రోజు ఈడికే వచ్చి ఏస్తది. ఐదు కుప్పలు ఐదు పోతులయి. లేళ్లు గిట్ల కుప్ప పెట్టయి. ఏడ లేస్తే ఆడ్నే ఏస్తయి.”

“చూడమ్మా, ఏది ఎవరిదో చెప్పడానికే మనకు లాబు ఉంది. నువ్వు కవర్లో వెయ్యి చాలు.”

“అరవై కాదు సార్, ఆరొందల కవర్లు నింపినా ఐదు పోతులే వస్తయి.”

ఆయన జేబులోంచి ఫోను తీసి ఎవరితోనో ఇంగ్లీషులో నా మాట చెప్పి నవ్వాడు. నాకు ఇంగ్లీషు అర్థం కాదు, నవ్వు అర్థమవుతుంది.

సరే అనుకున్నాను. పన్నెండు రోజులు, రోజుకు ఐదు కుప్పలు, అరవై కవర్లు. చెప్పినట్టే నింపాను. నంబరు వేశాను, తేదీ వేశాను. నింపుతున్నంతసేపూ లోపల నవ్వుకున్నాను. పో, తీసుకపో, నలుగురిలో నవ్వులపాలు కా, అప్పుడు ఈ కిష్టమ్మ ఏమన్నదో గుర్తు తెచ్చుకో, అని. మూడు రోజులకొకసారి పెట్టె తీసుకుపోవడానికి లాబు నుంచి సుష్మ అనే పిల్ల వచ్చేది. అనంతపురం పిల్ల, మణికొండలో హాస్టల్లో ఉండేది. వచ్చినప్పుడల్లా “తిన్నావా పెద్దమ్మా?” అని అడిగి, నా సద్దిలోంచి జొన్నరొట్టె తుంచుకొని తినేది. ఆ పిల్లకైనా చెప్పవలసింది. చెప్పలేదు. ఆమె కూడా ఆ నవ్వినవాడి మనిషే కదా అనుకున్నాను.

సెప్టెంబరు మొదట్లో కంపెనీ పెద్ద హాలులో సభ పెట్టారు. నన్ను కూడా పిలిచి ముందు వరుసలో కూర్చోబెట్టారు. శాలువా కప్పారు. గాజు జింక బొమ్మ ఒకటి చేతిలో పెట్టారు. కొమ్ములు లేవు, తోక లేదు. మేక అన్నా నడుస్తుంది. సారు తెర మీద రంగురంగుల గీతలు చూపించాడు. అరవై గీతలు. పక్కపక్కన అచ్చు గుద్దినట్టు ఉన్నాయి.

“దురదృష్టం ఏమిటంటేనండీ, ఈ మందలో వైవిధ్యం దాదాపు లేదు. అరవై నమూనాల్లో ఐదే ఐదు రకాలు. అన్నీ మగవే. అంటే ఆడ జింకలు కూడా తగ్గిపోయి ఉండాలి. ఇది ఆరిపోతున్న దీపం. తరలింపు ఒక్కటే మార్గం.”

ఆడ జింకలు తగ్గిపోయాయట! కిటికీ తెర పక్కకు జరిపి చూస్తే ఆ నిమిషాన ఇరవై ఎనిమిది లేళ్లు కనబడేవి. ఒకే కుండలోని పప్పును అరవై గిన్నెల్లో పోసి, ఊరంతా ఒకటే కూర వండుకుంటున్నదని రాసినవాడిని ఏమనాలి? మా వాడలో అయితే వాడిని పెండ్లి విందులో నీళ్లు పోయడానికి కూడా పిలవరు. ఇక్కడ చప్పట్లు కొట్టారు.

నవ్వు రాలేదు. నేను నవ్వుదామని దాచుకున్న సంగతి వల అయి కూర్చుంది. లేచి నిలబడ్డాను.

“సార్, అయి ఐదు పోతులయే. నేను ఆనాడే చెప్పిన. ఐదు కుప్పలకెళ్లే అరవై తీసినం. వలలు ఏస్తే జింకలు సస్తయి సార్. వెనకటికి ఏడు సచ్చినయి.”

సారు రెండు చేతులూ జోడించాడు.

“కిష్టమ్మగారి మూగజీవాల ప్రేమను మనమందరం గౌరవించాలండీ.”

మళ్లీ చప్పట్లు. నాకే.

మెట్లు దిగుతుంటే వెనక నుంచి సుష్మ పరుగెత్తుకొచ్చింది.

“పెద్దమ్మా, నిలబడు. ఐదు అంటివే, యాడివి ఆ ఐదు?”

చెప్పాను. ఆ పిల్ల మొహం మాడిపోయింది.

“అరవైలో ఐదే వచ్చినప్పుడే నాకు అనుమానమొచ్చె. ఒకే జంతువును మళ్లీమళ్లీ తీసినామేమో సార్ అంటే, కాదు, నెత్తురు అంతగా కలిసిపోయిందనేదానికి అదే సాక్ష్యం అనె. నువ్వు నాకు చెప్పల్లా గదా పెద్దమ్మా! మూడు దినాలకొకసారి వస్తాంటి గదా!”

“సారుకు చెప్పిన.”

“నాకు చెప్పల్లా.”



మళ్లీ తీద్దామన్నది సుష్మ. సారుకు చెప్పకుండా. అప్పుడే సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి, ఆఫీసులకు తాళాలు పడ్డాయి, సింగరేణి బంద్‌తో కరెంటు పోయేది. అద్దాల భవనాలు మాత్రం డీజిల్ మీద వెలుగుతూనే ఉన్నాయి. సుష్మ మణికొండ నుంచి నడిచి వచ్చేది. దారిలో రెండు చోట్ల ఆపి “ఎవలు? ఏ ఊరు?” అని అడిగేవాళ్లట. ఆ పిల్ల దాచేది కాదు. “అనంతపురం, జింకల పని మీద పోతాండా” అని చెబితే నవ్వి వదిలేసేవాళ్లట.

తెల్లవారగానే గడ్డిలో కూర్చొని ఎదురుచూసేవాళ్లం. లేడైనా, సొంత జాగ లేని కుర్ర పోతైనా పడుకున్న చోటు నుంచి లేచీ లేవగానే వేస్తుంది. అది నాలుగడుగులు పోయాక మేము వంగి వెళ్లి తీసుకోవాలి. రోజుకు నాలుగో ఐదో దొరికేవి. ఆ పిల్ల మోచేతులు తుమ్మముళ్లకు చీరుకుపోయాయి.

“సారు బూట్లు అడగకపోతివా బిడ్డ?” అన్నాను.

“ఆ బూట్లు ఇంకా కొత్తగానే ఉండాయి పెద్దమ్మా. పాడు చేస్తే బాగుండదు.”

పది రోజుల్లో నలభై ఒక్క కవర్లు అయ్యాయి. లాబు నుంచి తిరిగి వచ్చిన రోజు సుష్మ గేటు దగ్గర నుంచే అరిచింది.

“ముప్పై మూడు జింకలు వచ్చినాయి పెద్దమ్మా! వేరువేరువి!”

తరువాత తొట్టి గట్టు మీద కూర్చొని నిదానంగా చెప్పింది. మంద బతికే మందే. అయితే గోడల మధ్య ఇరవై ఏళ్లు ఉంది కాబట్టి తేడా సన్నగిల్లుతోంది. బయటి నుంచి ఒక్క కొత్త పోతు వచ్చి కలిస్తే ఇంకో ఇరవై ఏళ్లకు దిగులు లేదు. రాకపోతే పిల్లలు బలహీనంగా పుట్టడం మొదలవుతుంది. ఎత్తి పారేయవలసిన అవసరం మాత్రం ఎంతమాత్రం లేదు.

ఆ కాగితాలు సారుకు ఇచ్చింది. సారు చదివాడు. చదివి ఏం చేశాడో చెబితే నమ్మరు. పాత అరవైనీ కొత్త నలభై ఒకటినీ కలిపి సగటు తీశాడు. వైవిధ్యం “తక్కువ” నుంచి “కొంచెం తక్కువ”కు మారింది. తరలింపు మారలేదు. సంతకాలు సమ్మెకు ముందే అయిపోయాయట. వలల మనుషులు గురువారం వస్తారని చెప్పాడు. ఆ సగటు, విషంలో ఇన్ని పాలు పోసి, ఇప్పుడిది సగం పాలే అన్నట్టు.

అడవి శాఖ ఆఫీసుకు పోయాను. తాళం. అక్కడి నుంచి నేరుగా చౌరస్తాలో టెంటుకు పోయాను. టెంటులో మా బావగారి కొడుకు రవీందర్ రిలే దీక్షలో ఉన్నాడు. తెలంగాణ కోసం నేనూ రోడ్డు మీద బతుకమ్మ ఆడినదాన్నే, ఆ కోరికను వెక్కిరించను. మా భూములు ఎట్లా పోయాయో నాకు ఒకరు చెప్పనక్కరలేదు. కానీ మా రవీందర్ దీక్ష వేరు. పొద్దున ఇడ్లీలు తిని కూర్చుంటాడు, కెమెరా వచ్చినప్పుడు నీరసిస్తాడు, మధ్యాహ్నం ఇంకొకరికి దండ మార్చి బిర్యానీకి లేస్తాడు. పాత రోజుల్లో ఇదే మనిషి మా భూముల బేరాల్లో మధ్యవర్తి.

“రవీ, గురువారం జింకలను పడుతుండ్రు. వలల్ల సస్తయి బిడ్డ. నలుగురిని తోల్కొని రా.”

“చిన్నమ్మా, ఈడ రాష్ట్రమే ఆగమైతుంటే జింకల ముచ్చటేంది? జర సమజ్ చేస్కో.”

“నలభై మూడు పానాలు.”

“ఉద్యమంల పిల్లల పానాలు పోతున్నయి చిన్నమ్మా.”

అది నిజం. ఆ నిజాన్ని వాడి నోటి వెంట వినడం ఎంత కష్టమైనా, నిజమే. లేచి వచ్చేయాలి. కానీ గురువారానికి ఇంకా రెండు రోజులే ఉన్నాయి. నా నోటి నుంచి ఆ మాట ఎలా వచ్చిందో వచ్చింది.

“కర్నూలుకు తీస్కపోతుండ్రు.”

“ఏంది?”

“మన జింకలను. కర్నూలుకు. లారీలు ఆడికెళ్లే వస్తున్నయి.”

అంతే. దీక్షలో ఉన్న మనిషి అంత చురుగ్గా లేస్తాడని నేను ఎన్నడూ అనుకోలేదు.

గురువారం పొద్దున ఏడు గంటలకు గేటు ముందు మూడు వందల మంది. జెండాలు, డప్పులు. మా నీళ్లు మావే, మా కొలువులు మావే, మా జింకలు మావే. వారిలో ఎంతమంది జింకను చూశారో నాకు తెలియదు. ఒకాయన పట్టుకొచ్చిన అట్ట మీద ఉన్నది చుక్కల దుప్పి బొమ్మ. లారీలు మలుపు దగ్గరే ఆగిపోయాయి. సోమేశ్వరరావు సారు కారు అద్దాలు ఎక్కించుకొని లోపల కూర్చున్నాడు. టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. గుర్తుపడతారని కాబోలు.

సుష్మ మాత్రం నడిచి వచ్చింది. చేతిలో ఆ ముప్పై మూడు జింకల కాగితాలు. వలల మనుషులకైనా చూపించి ఆపుదామని ఆ పిల్ల ఆశ. గుంపులోంచి ఒకడు అడ్డం వచ్చాడు.

“ఎవలు మేడం? కంపెనీనా?”

“జింకల పరీక్ష చేసేది నేనే.”

“ఏ ఊరు?”

“అనంతపురం.”

“ఓహో! నువ్వేనా మా జింకలను సీమకు తోలుకపోయేది?”

“కాదన్నా. అవి ఈన్నే ఉండల్లనే నేను...”

మిగతా మాట వినబడలేదు. గో బ్యాక్, గో బ్యాక్. ఎవరూ ఆమె మీద చెయ్యి వేయలేదు. చుట్టూ నిలబడి అరిచారు, అంతే. ఆ పిల్ల కాగితాలు ఛాతీకి అదుముకొని గేటు వైపు చూసింది. గేటు లోపల నేనున్నాను. ఊచలు పట్టుకొని. ఒక్క మాట చాలు, “ఈ పిల్ల మన మనిషి, కర్నూలు మాట నేను కల్పించిన” అని. ఆ మాట అంటే గుంపు చల్లబడుతుంది. చల్లబడితే లారీలు కదులుతాయి. లారీల ఇంజన్లు ఇంకా నడుస్తూనే ఉన్నాయి.

నోరు మూసుకున్నాను.

సుష్మ వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. పది గంటలకు లారీలూ పోయాయి. మరుసటి రోజు పేపర్లో రవీందర్ ఫోటో పడింది. కంపెనీ ఇంకో చోట భూమి చూసుకుంది. సారుకు ఎక్కడో బహుమతి వచ్చిందని విన్నాను, దేనికో కనుక్కునే ఓపిక లేకపోయింది.

జనవరిలో అడవి శాఖ నుంచి ఫారానికి ఒక ఉత్తరం వచ్చింది. సుష్మ ఉద్యోగం మానేసి ఊరికి పోయినా తన కాగితాలను ఆ శాఖకు పంపిందట. ఆ పరీక్ష సరైనదని వాళ్లు ఒప్పుకున్నారు. మందకు కొత్త పోతు కావాలి. ఇవ్వగలిగిన మంద ఒకటి ఉంది. కర్నూలు జిల్లాలో. అయితే గత అక్టోబరులో జరిగిన గొడవ దృష్ట్యా స్థానికులకు అభ్యంతరం ఉన్నదో లేదో కాపలాదారు విచారించి రాతపూర్వకంగా తెలియజేయాలి.

ఉత్తరం పట్టుకొని రవీందర్ ఇంటికి పోయాను. నలుగురు పోరగాళ్లతో వాకిట్లో కూర్చొని ఉన్నాడు. విషయం విని పకపకా నవ్వాడు.

“కర్నూలు పోతా? మన మందలకా? చిన్నమ్మా, లోకల్ నాన్‌లోకల్ పంచాయతీ జింకలకు గూడ తెస్తవా ఏంది?”

“మీ తాత మందల పొట్టేలు ఏడికెళ్లి వచ్చింది రవీ?”

“ఏ పొట్టేలు?”

“రెండేండ్లకోపారి మార్చెటోడు గద. నెల్లూరు పొట్టేలు. ఇరవై రోజులు నడిపించుకొని వచ్చిండు. దాని పిల్లలను అమ్మే మీ నాయన మీ ఇల్లు కట్టిండు. ఆనాడు ఎవ్వలన్న గో బ్యాక్ అన్నరా దాన్ని?”

పోరగాళ్లు కిసుక్కున నవ్వారు. రవీందర్ నవ్వలేదు.

“అప్పటి ముచ్చట వేరు. నువ్వే గద చెప్పినవ్, కర్నూలోళ్లు తీస్కపోతుండ్రని. జనం మర్చిపోతరా?”

“అబద్ధం చెప్పిన.”

“ఏంది?”

“వికారాబాద్‌కు తీస్కపోతుండె. కర్నూలని నేను కల్పించిన. గట్లంటేనే నువ్వు లేస్తవని.”

రవీందర్ పోరగాళ్ల వైపు చూశాడు, తరువాత గోడ మీద ఫ్రేము కట్టించుకున్న పేపరు ఫోటో వైపు చూశాడు. గొంతు తగ్గించాడు.

“చిన్నమ్మా, ఈ మాట ఇంకోసారి అనకు. మూడొందల మంది వచ్చిండ్రు. ఇజ్జత్ పోతది.”

“ఎవలది?”

“ఉద్యమానిది.”

“నీది అను.”

“సరే, ఇగ పో. రాష్ట్రం రానియ్యి. వచ్చినంక మనోళ్లే పోతును తెస్తరు.”

“ఏడికెళ్లి తెస్తరు?”

“ఏడికెళ్లో తెస్తరు తియ్యి.”

జింకకు ఎద వచ్చే కాలం వస్తుంది, పోతుంది. రాష్ట్రం వచ్చేదాకా ఆగమని చెప్పడానికి దానికి మన భాష రాదు. ఆ సాయంత్రం సుష్మకు ఫోన్ చేశాను. గేటు దగ్గర నోరు ఎందుకు మూసుకున్నానో మొత్తం చెప్పాను.

“నేను తెలివితక్కువదాన్ని కాదు పెద్దమ్మా,” అన్నది. “ఆ పొద్దే అర్థమాయె. కోపం మాత్రం ఇంకా పోలేదు.”

“పోకున్నా సరే బిడ్డ.”

“పోతు సంగతి చూడు. అడవి శాఖోళ్లు మళ్లీ మళ్లీ అడగరు.”

మరునాడు పొద్దున్నే కాగితం ముందు పెట్టుకొని కూర్చున్నాను. రాయడం నాకు ఇప్పటికీ నిదానమే. మధ్యాహ్నం దాకా పట్టింది. స్థానికులను విచారించాను, అని మొదలుపెట్టాను. అభ్యంతరం చెప్పినవాడు ఒక్కడే, రవీందర్. అతని అభ్యంతరానికి మూలం గత అక్టోబరులో నేను చెప్పిన అబద్ధం. జింకలను కర్నూలుకు తరలిస్తున్నారన్నది నేను కల్పించిన మాట, దానికి అనంతపురం సుష్మకు ఏ సంబంధమూ లేదు. మొదటి అరవై కవర్లు ఐదు కుప్పల నుంచే తీసినవని తెలిసీ నింపింది కూడా నేనే. మందకు పోతు కావాలి. లేళ్లకు అభ్యంతరం ఉన్నట్టు కనబడలేదు.

కింద సంతకం, తేదీ.

అడవి శాఖ ఆఫీసులో గుమాస్తా రెండుసార్లు చదివాడు.

“గిది గిట్ల రాస్తే నీ కొలువు ఉంటదామ్మా? ఒక్క మాట రాయి చాలు. అభ్యంతరం లేదు, అని.”

“ఉన్నది గద, రవీందర్‌కు.”

“గా అబద్ధం ముచ్చటన్న తీసెయ్యి.”

“అది తీసేస్తే వాని అభ్యంతరం నిలబడ్తది సారూ. ముద్ర ఎయ్యి.”

ముద్ర వేశాడు.